బయటివాళ్ల ఉత్తరాలు

కిందటి వారం మనం పద్మశ్రీని కువైట్ హవల్లీలో, వాళ్ల మూడో అంతస్తు ఫ్లాటు గుమ్మంలో వదిలి వచ్చాం. రాయచోటి నుంచి వచ్చి ఇక్కడ స్కూలు బస్సు నడుపుకుంటున్న జిలానీ బాషా ఆ గుమ్మం ముందు నిలబడి, తన చెల్లెలు మెహరాజ్ గురించి అడిగాడు. ఆమె పనిచేసే ఇంటివాళ్లు చలి మొదలవగానే హవల్లీ ఇంటికి తాళం వేసి, కబ్ద్‌లో ఎడారి మధ్యనున్న తమ తోట ఇంటికి మకాం మార్చారు. అప్పటి నుంచి ఆమె ఫోను మోగడం లేదు. చివరిసారి ఎవరి ఫోను నుంచో ఒక్క నిమిషం మాట్లాడి, "అక్కల మెయిలుకు రాసినాన్నా, చూసుకోమను," అని పెట్టేసింది. ఆ మెయిలు నడిపేది పద్మశ్రీయే. ఫిర్యాదు తీసుకునేచోట, ఆమె స్వయంగా రాసింది ఏదైనా ఉంటే పట్టుకురమ్మన్నారు. "అలాంటి ఉత్తరం ఏదీ రాలేదు తమ్ముడూ," అని పద్మశ్రీ గట్టిగా చెప్పింది. తలుపు వేశాక ఆ గట్టితనం ఆమెకే రుచించలేదు. సర్వర్‌లో మళ్లీ వెతికి పెడతాను, శుక్రవారం నమాజు అయ్యాక భోజనానికి రమ్మని ఫోన్ చేసి చెప్పింది.

ఆ శుక్రవారం పెరుగు గొడవతో తెల్లవారింది.

"ఓవెన్లో గిన్నె ఎవరు తీశారు?" అంది పద్మశ్రీ.

"నేనే. ఖుబూస్ రొట్టె వేడి చేసుకున్నాను," అన్నాడు సత్యప్రసాద్ హాల్లోంచి.

"తీసినవారు మళ్లీ లోపల పెట్టాలా అక్కర్లేదా?"

"కిటికీలో పెట్టానుగా. ఎండ తగులుతుందని."

"ఎండ ఏదండీ? నవంబరు గాలి తగిలింది. చూడండి, పాలు పాలలాగే ఉన్నాయి." గిన్నె పట్టుకొచ్చి అతని ముక్కు కింద పెట్టింది. తోడు వేసిన పాలు ఒక పక్కకి వంచితే నీళ్లలా ఒరిగిపోయాయి.

"కిందకెళ్లి బకాలా కొట్టులో డబ్బా పెరుగు తెస్తాను. దానికింత రాద్ధాంతమా?"

"అది పుల్లగా ఉండదు. మజ్జిగపులుసుకి పనికిరాదు."

"మజ్జిగపులుసు మానెయ్."

"అంతేలెండి. మీకు అన్నీ మానెయ్యడమే."

సత్యప్రసాద్ దజీజ్‌లో ఒక గోదాములో సరుకు లెక్కల సూపర్‌వైజరు. ఏ పెట్టె ఎక్కడిదక్కడ ఉండకపోతే వారమంతా కుర్రాళ్ల మీద కేకలు వేసే మనిషి, ఇంట్లో మాత్రం తీసింది తీసినచోట పెట్టడు. పెళ్లయిన కొత్తలో దీనికి పద్మశ్రీ నవ్వుకునేది. ఈ మధ్య నవ్వు రావడం లేదు. నిజానికి ఆ ఉదయం ఆమె కోపం పెరుగు మీదా కాదు, అతని మీదా కాదు. సర్వర్ తెరవాల్సిన పని ముందుంది. వారం రోజులుగా ఏదో ఒక వంక పెట్టుకుని దాన్ని తప్పించుకుంటూ వచ్చింది. తోడుకోని పాలు కూడా ఒక వంకే.

గిన్నె మళ్లీ ఓవెన్లో పెట్టి, చేయి తుడుచుకుని, భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది.

అక్కల మెయిలు అనేది ఆమె కట్టిన చిన్న గూడు. మొదట్లో అందరిలాగే వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లు ఏ కష్టమొచ్చినా అందులో చెప్పుకునేవారు. కానీ గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఎవరి మొగుడో, ఎవరి తమ్ముడో ఆ నంబర్లు పట్టుకుని పొద్దుగూకాక ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఒక్కొక్కళ్లే గ్రూపులోంచి జారుకున్నారు. అప్పుడు పద్మశ్రీ, అమలాపురంలో చదివిన కంప్యూటర్ డిగ్రీని అటక మీంచి దించి దులిపింది. చిన్న సర్వర్ ఒకటి అద్దెకు తీసుకుని, మెయిలింగ్ లిస్ట్ నడిపే సాఫ్ట్‌వేర్ దాని మీద పెట్టింది. ఒకే ఒక్క అడ్రసు. దానికి రాస్తే అక్కలందరికీ చేరుతుంది. రాసినవాళ్ల పేరు గానీ నంబరు గానీ ఎవరికీ కనపడదు. అంత సులువైన సంగతికి ఆమె కూర్చుని సరిచేసిన సెట్టింగులు పచ్చళ్ల జాడీల వరసలా ఉండేవి. ఒక్కటి తప్పినా మొత్తం బూజు పట్టేది.

ఆ వరసలో ఒక ప్రశ్న ఉంటుంది. లిస్టులో పేరు లేని బయటివాళ్లు ఉత్తరం రాస్తే ఏం చేయాలి? జవాబులు నాలుగే. అందరికీ పంపెయ్యి. లేదా నేను చూసేదాకా ఆపి ఉంచు. లేదా వద్దని చెప్పి వాళ్లకే తిప్పి పంపు. లేదా ఎవరికీ చెప్పకుండా పారెయ్యి.

పద్మశ్రీ మొదట రెండోది పెట్టింది. ఆపి ఉంచినవాటిని రోజూ కూర్చుని చూసేది. వీసాలిప్పిస్తామనే ఏజెంట్లు, అప్పులిస్తామనేవాళ్లు, బురఖాల సేల్సు. ఆ పైన ఎవడో ఒకడు రోజుకో పేరుతో బూతు బొమ్మలు పంపేవాడు. వాటిని తెరిచి చూస్తేగానీ తీసెయ్యడానికి లేదు. రంజాన్ నెలలో ఒక పొద్దున, స్నానం చేసి దీపం పెట్టుకుని వచ్చి కూర్చోగానే ఆ బొమ్మే ఎదురైంది. అప్పుడే వెళ్లి నాలుగో జవాబు మీద నొక్కింది. పారెయ్యి. బిల్డింగులో చెత్త గొట్టం మూత వేసినంత హాయిగా అనిపించింది. ఆ రోజు నుంచి ఒక్క చెత్త ఉత్తరం కళ్ల పడలేదు. చాలా బాగా పనిచేస్తోందని నలుగురితో చెప్పుకుంది కూడా.

ఇప్పుడు ఆ చెత్త గొట్టం అడుగున వెతకాలి.

పారేసిన ఉత్తరం ఉండదు. అది వచ్చిందని, పారేశానని సర్వర్ ఒక ముక్క రాసి పెడుతుంది. వచ్చిన అడ్రసు, ఉత్తరం బరువు. అంతే. పద్మశ్రీ ఏజెంట్ల పేర్లన్నీ దాటుకుంటూ కిందికి వెళ్లింది. మెహరాజ్ పేరు లేదు. ఒక్క క్షణం గుండె కుదుటపడింది. తాను జిలానీకి చెప్పింది నిజమేనన్నమాట.

కానీ అక్కడ ఒక పేరు ఉంది. లూలువా. పక్కన ఏవో అంకెలు. చిన్నపిల్లలు ఆటల కోసం పెట్టుకునే అడ్రసులా ఉంది. మెహరాజ్ ఇంటివాళ్లు మజ్రాకు, ఆ తోట ఇంటికి, మకాం మార్చిన రోజుల్లోనే మొదలైంది. చిన్న ఉత్తరం, పారేశాను. చిన్న ఉత్తరం, పారేశాను. రెండు రోజులు ఏమీ లేదు. మళ్లీ చిన్నది. ఆఖరున ఒకటి చాలా పెద్దది. అంత బరువు మాటలకు రాదు. ఫోటో ఉండి ఉండాలి. అది కూడా, పారేశాను.

ఆ తర్వాత ఆ అడ్రసు నుంచి ఏమీ రాలేదు.

పద్మశ్రీ కుర్చీలో వెనక్కి ఆనుకోలేదు, ముందుకీ వంగలేదు. అలాగే ఉండిపోయింది. లిస్టులో మెహరాజ్ పేరుంది. ఆమె తన ఫోను నుంచి రాసి ఉంటే ఉత్తరం తిన్నగా నలభై మంది అక్కలకూ వెళ్లేది. కానీ ఆపదలో ఉన్న ఆడది తన ఫోను నుంచి ఎందుకు రాస్తుంది? ముందుగా లాక్కునేది ఫోనునే కదా. కష్టంలో ఉన్న మనిషి ఎప్పుడూ ఎవరిదో ఫోను నుంచే రాస్తుంది. బయటి మనిషిగానే తలుపు తడుతుంది. ఇన్నాళ్లూ వానలో తడిసి వచ్చినవాళ్లని బయటే నిలబెట్టి, ఎండలో హాయిగా ఉన్నవాళ్లకి గొడుగు పట్టిందన్నమాట.

సత్యప్రసాద్ వెనకాల వచ్చి నిలబడ్డాడు. అతనికి సర్వర్ సంగతి తెలియదు గానీ, భార్య మెడ చూస్తే సంగతి తెలుస్తుంది.

"దొరికిందా?"

"దొరకలేదు. వచ్చింది. నేనే పారేశాను."

ఆమె చెప్పినదంతా విన్నాడు. "అతనికి చెప్పకు," అన్నాడు మెల్లగా.

"చెప్పకుండా?"

"చెబితే ఆ ఉత్తరం తిరిగొస్తుందా? రాలేదని చెప్పావు. రాలేదు. అంతే."

"ఏవండీ, అతను అన్నానికి వస్తున్నాడు."

"అందుకే అంటున్నాను, వచ్చినవాడు తిని వెళ్లనీ."

పద్మశ్రీ ఆ నాలుగో జవాబు తీసేసి, మళ్లీ రెండోది పెట్టింది. ఆపి ఉంచు. చూస్తూ కూర్చుంది. బయటివాళ్ల గదిలోకి మొదటగా వచ్చి చేరింది దుబాయి లాటరీ ఉత్తరం.

నమాజు అయిపోయాక జిలానీ బాషా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో అరటిపళ్లు. సత్యప్రసాద్ సలాం చెప్పి, కూర్చోమని, ఏదో పని ఉన్నట్టు బాల్కనీలోకి వెళ్లాడు.

"చూసినావా అక్కా?"

"చూశాను తమ్ముడూ. మెహరాజ్ రాసింది. వచ్చింది."

జిలానీ ముఖం వెలిగింది. ఆ వెలుగును చూడటం కంటే తిట్లు తినడం తేలికని పద్మశ్రీకి అనిపించింది.

"యా అల్లా! ఏం రాసిండాది? ఇట్లియ్యి, చూస్తా."

"లేదు. సర్వర్ పారేసింది. ఒక్క మాట కూడా మిగల్లేదు."

"అంటే?"

చెప్పింది. అతనికి అర్థమయ్యేట్టు చెప్పడం కష్టం కాలేదు. అతను అర్థం చేసుకుంటుంటే చూడటం కష్టమైంది.

"అంటే ఉత్తరం మీ గడప కాడికి వచ్చిండాది," అన్నాడు ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నట్టు. "మీ మిషను దాన్ని చింపి పారేసిండాది. మళ్లా రాసింది. మళ్లా పారేసిండాది."

"అవును."

"మిషనుకు ఎవురు చెప్పినారక్కా, పారేయమని?"

"నేనే."

జిలానీ అరవలేదు. అరటిపళ్ల సంచి ఒడిలో పెట్టుకుని దాని ముడి విప్పాడు, మళ్లీ వేశాడు.

"నేనే చెప్పినా దానికి," అన్నాడు. "ఏమొచ్చినా నాకు ఫోన్ చేయొద్దు, ఫోను వాళ్లు చూస్తారు, అక్కల మెయిలుకు రాయి, అక్కలుండారు అని. బడిపిల్లకు ఎక్కాలు నేర్పించినట్లు ఆ అడ్రసు నోటికి పట్టించినా. తప్పు లేకుండా చెప్పేదాకా విడవలే. తప్పు లేకుండానే రాసిండాది కదా, పిచ్చిది."

పద్మశ్రీకి ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

"ఇది ఎవరి అడ్రసో చూడు," అని లాప్‌టాప్ అతని వైపు తిప్పింది.

"లూలువా." జిలానీ ఆ పేరును వేలితో తాకాడు. "మామా, ఆ ఇంటామె, ఆయమ్మ చిన్నకూతురు. మా మెహరాజే ఎత్తుకోని పెంచినాది. దానికి ఆటలాడుకునే ట్యాబు ఉండాది. దాంట్లో రాసినట్టుంది." గబుక్కున తలెత్తాడు. "అయితే దానికే జవాబు రాయక్కా! మా రాయచోటి తెలుగులో రాయి. మామాకేం తెలుస్తాది?"

"రాస్తే ఆ ట్యాబు గంట కొడుతుంది తమ్ముడూ. అది ఆ పిల్ల చేతిలో ఉంటుందో, వాళ్లమ్మ చేతిలో ఉంటుందో."

"మరి ఆ ఫోటో? ఆ రాసినేటివి? ఇంక యాడా లేవా?"

"ఒక్కచోట ఉంటాయి." ఆమెకు ఆ మాట నోటి దాకా వచ్చాక గానీ దాని అర్థం పూర్తిగా తెలియలేదు. "పంపినవన్నీ పంపినట్టే ఆ ట్యాబులో ఉండిపోతాయి. తనే తీసెయ్యకపోతే."

"దానికి తీసేది తెలీదక్కా," అన్నాడు జిలానీ. "నేను రాసేది నేర్పించినా గానీ తీసేది నేర్పించలే."

ఇద్దరికీ తోచింది ఒకటే. పిల్ల ఏదో ఒక రోజు ఆట మధ్యలో అక్కడ వేలు పెడుతుంది. ఇదేంటో చూడమ్మా అని తల్లికి చూపిస్తుంది. ఫోన్లో భాష మార్చి చదవడం ఇప్పుడు ఎవరికి రాదు?

"నువ్వు వెళ్లి చూశావా, కబ్ద్?"

"రెండు మార్లు పోయినా. పచ్చ గేటు, పక్కన పావురాల గూళ్లు. కావలోడు గేటు కూడా తీయలే. పోలీసుకు ఫోన్ చేస్తా, యల్లా పో అన్నాడు. ఒంటి మగోన్ని, పరాయోళ్ల తోట కాడ నిలబడితే ఎవురు ఊరుకుంటారు?"

అప్పుడే తలుపు తోసుకుని చంద్రావతి వచ్చింది. సత్యప్రసాద్‌కు పెద్దక్క. ఇరవై ఏళ్లుగా ఒకే కువైటీ ఇంట్లో వంట చేస్తోంది. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం సెలవు. ఆ సెలవును తమ్ముడి ఇంట్లోనే ఖర్చు పెడుతుంది.

"ఏటే, ఇల్లంతా ఇంత సైలెంటుగా ఉంది? పులుసు మాడబెట్టావేటి?" అంటూ చెప్పులు విప్పింది. జిలానీని చూసి, పద్మశ్రీ ముఖం చూసి, ఇంకేమీ అడగకుండా వంటింట్లోకి నడిచింది. కాసేపటికి పద్మశ్రీ లోపలికెళ్లి చెబితే, గరిటె కడుగుతూ విని, "రామచంద్రా," అని మాత్రం అంది.

నేల మీద ప్లాస్టిక్ సుఫ్రా పరిచి నలుగురూ కూర్చున్నారు. జుబైదీ చేపల పులుసు, దోసకాయ పప్పు, అప్పడాలు. వండినప్పుడు బాగానే కుదిరింది. ఇప్పుడెవరికీ ముద్ద దిగడం లేదు. జిలానీ మర్యాద కోసం కలుపుతున్నాడు, తినడం లేదు.

"తిను బాబూ," అంది చంద్రావతి. "తినకపోతే ఆ పిల్లకి ఏటైనా ఒరుగుద్దా? మా తమ్ముణ్ణి చూడు, ఏ కష్టమొచ్చినా చేప ముల్లు మాత్రం వదలడు."

సత్యప్రసాద్ చేతిలో ముల్లు కింద పెట్టాడు. "ఫిర్యాదు ఇచ్చారుగా. వాళ్లు చూస్తారు. ఇప్పుడు సెట్టింగు కూడా మార్చింది. మళ్లీ రాస్తే వస్తుంది."

"మళ్లీ రాయదు," అంది పద్మశ్రీ.

"ఎలా చెప్పగలవు?"

"ఎన్నిసార్లు రాసిందో చూశాను. ఎవరూ పలకలేదు. మీరైతే మళ్లీ రాస్తారా?"

చంద్రావతి మాట మార్చింది. "అది సరే గానీ, కార్తీక వనభోజనాలు ఈ ఏడు ఎక్కడంట? వచ్చే శుక్రవారం పులిహోర నేనే కలపాలని మనోళ్లు ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేశారు. సోటు చెప్పరు, ఎంతమందికో చెప్పరు. ఆడోళ్లకి కబురు పెట్టేది నువ్వేగా?"

పద్మశ్రీ చేయి కంచంలో ఆగింది. ఏటా పిల్లల్ని, గిన్నెల్ని, దుప్పట్లని కార్లకెక్కించి, ఏదో ఒక ఎడారి తోట పక్కన ఆడవాళ్లంతా దిగిపోతారు. పొయ్యి రాజేస్తారు, పాటలు పాడుకుంటారు. గోడ పక్కన కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. గుక్కెడు నీళ్ల కోసం ఎవరి గేటైనా కొడతారు. చంకలో పిల్లతో ఆడది నీళ్లడిగితే కావలివాడు పోలీసును పిలవడు.

"కబ్ద్‌లో," అంది.

జిలానీ తలెత్తాడు.

"పచ్చ గేటు పక్కనే. ఆడవాళ్లు లోపలికి వెళ్లగలరు. నీళ్లకో, బాత్రూముకో. ఒక్కసారి వంటింట్లోకి తొంగి చూస్తే చాలు."

"పద్మా," అన్నాడు సత్యప్రసాద్. గొంతులో కోపం లేదు, భయం ఉంది. "నువ్వు ఈ దేశంలో ఉంటున్నది నా ఇఖామా కార్డు మీద. పనిమనిషిని లేపుకుపోవడానికి వచ్చారని వాళ్లు కేసు పెడితే ఏమవుతుందో తెలుసా? నాకూ నీకూ ఖలాస్. విమానం ఎక్కిస్తారు. మళ్లీ ఈ నేల మీద కాలు పెట్టనివ్వరు."

"తెలుసు."

"తెలిసీ?"

"ఆ ఉత్తరంలో ఏముందో ఈ లోకంలో ఒక్క మనిషికే తెలుసండీ. వెళ్లి ఆవిణ్ణే అడుగుతాను."

"వచ్చే శుక్రవారమా?" అన్నాడు జిలానీ. అడగడానికి సిగ్గుపడుతున్నట్టు అడిగాడు. "అందాక ఆ పిల్ల ట్యాబు తెరవకుండా ఉంటాదా అక్కా?"

బాల్కనీ కింద ఎవరో కారు హారన్ కొడుతున్నారు. చంద్రావతి మారు అన్నం వడ్డించబోయి, గరిటె గిన్నెలోనే వదిలేసింది.

పద్మశ్రీ చేయి కడుక్కోకుండానే నిటారుగా కూర్చుంది.

"వచ్చే శుక్రవారం కాదు. వనభోజనాలు రేపే. కబురు ఇప్పుడే పంపుతున్నాను."

"రేపు శనివారమే!" అంది చంద్రావతి. "ఇళ్లల్లో చేసేవాళ్లకి ఉన్నదే శుక్రవారం సెలవు. శనివారం ఎవత్తి వత్తాదే? నాకే కుదరదు. నలభై మందిలో ఒక్కర్తి కూడా రాదు."

"రానక్కర్లేదు వదినా," అంది పద్మశ్రీ. "పొయ్యి ఒకటి ఉంటే చాలు, వనభోజనానికి వచ్చానని ఆ పచ్చ గేటు కొట్టి నీళ్లడగడానికి. రేపు పొద్దున్నే నేను కబ్ద్ వెళ్తున్నాను."